మూడో గడిలో ఏ, ఆఖర్న ఇ: ఒక వదినా ఆడపడుచుల పందెం

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మా పుట్టిల్లు టెక్కలి, అత్తవారు పర్లాకిమిడి. నేను తెలుగు మీడియంలో డిగ్రీ చేశాను. మా ఆడపడుచు ఇక్కడే ఒడియా మీడియంలో చదువుకుంది, ఇప్పుడు కాలేజీ. రోజూ పొద్దున్నే టీ తాగుతూ ఇద్దరం ఫోన్లలో వర్డిల్ ఆడతాం, అదే, దాచిపెట్టిన ఐదక్షరాల ఇంగ్లీషు మాటని ఆరు ప్రయత్నాల్లో కనుక్కునే ఆట. ఓడినవాళ్లు రాత్రి గిన్నెలు తోమాలని పందెం. నెల రోజులుగా గిన్నెలన్నీ నావే. తను మూడోసారికే కొట్టేస్తుంటే తెలివి అనుకున్నాను. మొన్న చూస్తే ఏముంది, 'మధ్యలో ఏ, చివర ఇ వచ్చే ఐదక్షరాల మాటలు' అని ఫోన్లో వెతికి, జాబితా ముందు పెట్టుకుని ఆడుతోంది! అడిగితే 'డిక్షనరీ చూడటం కూడా తప్పేనా వదినా?' అంటుంది. ఆదివారం నేను వరసగా స్టేల్, బ్లేమ్, ఫ్లేక్, ప్లేస్, గ్లేజ్, గ్లేడ్ పెట్టాను. ఆరూ అయిపోయాయి. జవాబు గ్లేర్! ఆ జాబితాలు బట్టీ పడితే నాకూ వస్తుందా? తను చేసేది మోసం కాదా? ఇంకొకటి, ఇంట్లో పది మంది పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను. వాళ్లకు ఈ ఆట నేర్పవచ్చా?
ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మోసం సంగతి తరవాత చూద్దాం. ముందు ఆ ఆదివారం మీరు ఎందుకు ఓడారో తేల్చాలి. మీకు ఇంగ్లీషు రాక ఓడలేదు. ఆ ఆరు మాటలూ మంచి మాటలే. వాటిని వాడిన తీరులో ఉంది తిరకాసు.

స్టేల్ పెట్టగానే మీకు ఏం తెలిసింది? మూడో గడిలో ఏ, ఐదో గడిలో ఇ ఆకుపచ్చగా వెలిగాయి, అంటే అవి ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఎస్, టి బూడిదరంగులోకి పోయాయి, అంటే అవి లేవు. ఎల్ పసుపు, అంటే ఉంది గానీ నాలుగో గడిలో కాదు. మూడు, అయిదు గడులు నిండిపోయాయి కాబట్టి ఎల్ ఉంటే మొదటి గడిలోనో రెండో గడిలోనో ఉండాలి. మీ ఉత్తరం చదివి నేను కాగితం మీద రాసి చూశాను. వాడుకలో ఉన్న మాటలు పదమూడు తేలాయి: బ్లేడ్, బ్లేమ్, బ్లేర్, బ్లేజ్, ఫ్లేక్, ఫ్లేమ్, ఫ్లేర్, గ్లేడ్, గ్లేర్, గ్లేజ్, ప్లేస్, ప్లేన్, ఆ పైన ఎల్ మొదట్లో వచ్చే లీవ్ (ఎల్-ఇ-ఏ-వి-ఇ).

చేతిలో ఉన్నవి ఐదు ప్రయత్నాలు, ఎదురుగా ఉన్నవి పదమూడు మాటలు. మీరేమో తాళంచెవుల గుత్తి పట్టుకుని ఒక్కొక్కటే తిప్పి చూశారు. అదృష్టం ఉంటే రెండో చెవికే తెరుచుకునేది. లేదు కాబట్టి గిన్నెలు.

ఇలాంటి చోట ఒక్క ప్రయత్నాన్ని చేజేతులా వదులుకోవాలి. ఆ గడియకి జవాబు చెప్పాలన్న ఆశ మానేసి, ఎక్కువ మాటల్ని ఒక్క దెబ్బతో విడగొట్టే మాట వేయాలి. రెండోసారికి మీరు జి-ఆర్-యు-ఎమ్-పి, గ్రంప్ అని పెట్టి ఉంటే చూడండి. అది జవాబు కాదని మీకు తెలుసు, ఎందుకంటే అందులో ఏ లేదు, ఎల్ లేదు, ఇ లేదు. అయినా ఆ నాలుగు హల్లులు పదమూడు మాటల్ని జల్లెడ పట్టేస్తాయి. ఎమ్ వెలిగితే బ్లేమ్, ఫ్లేమ్ మిగులుతాయి. ఆర్ ఒక్కటే వెలిగితే బ్లేర్, ఫ్లేర్. జి ఒక్కటే అయితే గ్లేడ్, గ్లేజ్. పి అయితే ప్లేస్, ప్లేన్. ఏదీ వెలగకపోతే బ్లేడ్, బ్లేజ్, ఫ్లేక్, లీవ్. జి, ఆర్ రెండూ వెలిగితే ఒక్కటే ఒక్కటి, గ్లేర్! మూడోసారికి మీరు గెలిచేవారు. ఎంత దురదృష్టం వెంటాడినా ఈ దారిలో నాలుగోసారికి జవాబు దొరక్క తప్పదు, కావాలంటే వేసి చూసుకోండి. ఈ ఎత్తు మామూలు ఆటలోనే చెల్లుతుంది. సెట్టింగుల్లో హార్డ్ మోడ్ పెట్టుకుంటే, బయటపడ్డ అక్షరాలను ప్రతిసారీ వాడి తీరాలి.

ఇలా తోక ఒకటే ఉండి తల మాత్రం మారే గుంపులు ఇంగ్లీషులో బోలెడు. ఐ-జి-హెచ్-టి తోకతో ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్ ఒక గుంపు. ఏ-టి-సి-హెచ్ తోకతో బ్యాచ్, క్యాచ్, హ్యాచ్, లాచ్, మ్యాచ్, ప్యాచ్, వాచ్ ఇంకో గుంపు. బౌండ్, ఫౌండ్, పౌండ్, రౌండ్, సౌండ్ మరొకటి. వీటిలో చిక్కుకున్నారని అనుమానం రాగానే ఒకటి వదులుకోండి. ఆ 'చ్' గుంపుకి పి-ఎల్-యు-ఎమ్-బి, ప్లమ్ పెట్టండి. బి, ఎల్, ఎమ్, పి నాలుగూ ఒకేసారి తేలిపోతాయి. ఆ మాటలో బి పలకదు, కానీ పని చేస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ పదమూడు మాటలూ జాబితా చూడకుండా తట్టేదెలా?

జాబితా బట్టీ పట్టకండమ్మా. ఈ విషయంలో నాకు స్వానుభవం ఉంది. మాది బరంపురం. నేను ఎనిమిదో క్లాసులో ఉండగా ఒక మాస్టారు రోజుకి డిక్షనరీలో ఒక పేజీ ఒప్పజెప్పమనేవారు. ఏ నుంచి మొదలుపెట్టి బి మధ్యదాకా వెళ్లాం, వేసవి సెలవులు వచ్చాయి. తిరిగి వచ్చేసరికి ఏ కూడా పోయింది. ఆ తరవాత నలభై ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పానుగానీ, ఆ పేజీల్లోంచి ఒక్క మాటైనా నాకు అక్కరకు వచ్చిన గుర్తు లేదు.

మనకు ఇంతకంటే మంచి పనిముట్టు చిన్నప్పుడే చేతికిచ్చారు: గుణింతం, ఒత్తులు. ఎల్ రెండో గడిలో ఉందనుకోండి. దాని ముందు నిలబడే హల్లులు మామూలు మాటల్లో ఆరే: బి, సి, ఎఫ్, జి, పి, ఎస్. మన లెక్కలో చెప్పుకుంటే బ్ల, క్ల, ఫ్ల, గ్ల, ప్ల, స్ల. అంతే! డ్ల లేదు, ట్ల లేదు, మ్ల లేదు. ఆర్ రెండో గడిలో ఉంటే బ్ర, క్ర, డ్ర, ఫ్ర, గ్ర, ప్ర, ట్ర. వీటికి తోడు డబ్ల్యు పలకని రైట్, రాంగ్, రిస్ట్ లాంటివి. హెచ్ అయితే సి, ఎస్, టి, డబ్ల్యు, పి పక్కన చేరుతుంది, అప్పుడప్పుడూ జి పక్కన దెయ్యంలా, అదే ఘోస్ట్‌లో. తల ఇది. ఇక తోక. మూడో గడిలో ఏ, చివర ఇ ఉంటే నాలుగో గడిలో హల్లుని మార్చుకుంటూ పోవడమే: సి, డి, కె, ఎల్, ఎమ్, ఎన్, పి, ఆర్, ఎస్, టి, వి, జడ్.

ఇప్పుడు బ్ల తీసుకుని తోకలన్నీ తగిలించండి. బ్లేస్ అనే మాట వినలేదు, వదిలేయండి. బ్లేడ్, గడ్డం గీసుకునేది, ఉంది. బ్లేక్ మనిషి పేరు, చెల్లదు. బ్లేమ్ ఉంది. ఇలా ఆరు తలలకూ చదువుకుంటూ పోతే రెండు నిమిషాల్లో మీ ఆడపడుచు జాబితా అంతా మీ నోట్లోంచే వస్తుంది. ఒక్క లీవ్ మాత్రం తప్పించుకుంటుంది, ఎందుకంటే అందులో ఎల్ ఒత్తు కాదు. అలాంటి వాటికోసం చివర్లో 'ఎల్ మొదట్లో ఉంటే?' అని ఓసారి అడుగుకుంటే చాలు. జాబితాలో చదివిన మాట రేపటికి ఉండదు. ఇలా నోటితో కట్టుకున్న మాట ఉంటుంది, ఎందుకంటే మీరు గుర్తు పెట్టుకున్నది మాటని కాదు, మాట కట్టే పద్ధతిని.

నిజానికి ఈ ఆట మనకి కొత్త కాదు. టెక్కలి అమ్మాయివి, ఎప్పుడో ఒకప్పుడు అవధానం చూసే ఉంటావు (ఇందాకటి నుంచి మీరు మీరు అంటున్నాను, కూతురి వయసుదానివి, ఇక నువ్వనే అంటాను). అవధానంలో న్యస్తాక్షరి ఉంటుంది: ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం రావాలి. అదే ఆకుపచ్చ గడి. నిషిద్ధాక్షరి ఉంటుంది: అవధాని ఒక అక్షరం చెప్పగానే, తరవాత ఏది రాకూడదో పృచ్ఛకుడు అడ్డం కొడతాడు. అది బూడిదరంగు. దత్తపదిలో నాలుగు మాటలిచ్చి పద్యంలో పొదగమంటారు. ఉండాలి, ఎక్కడ పెడతావో నీ ఇష్టం, ఇది ఇంచుమించు పసుపు. అవధాని పద్యాల జాబితా కంఠస్థం చేసి వేదిక ఎక్కడు. ఏ అక్షరం పక్కన ఏది నడుస్తుందో అతని నాలుకకి తెలుసు. పృచ్ఛకుడు ఒక అక్షరం కాదంటే ఇంకోటి అప్పటికే అక్కడ సిద్ధంగా ఉంటుంది.

అయితే మన తెలుగు కన్ను ఈ ఆటలో మనల్ని మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి. గ్లేర్ మనకు రెండక్షరాలు, గ్లే, ర్. ఇంగ్లీషుకి ఐదు. చివర నోరు మూసుకుని కూర్చున్న ఇ మన రాతలో ఎక్కడా కనబడదు. ద్విత్వం ఇంకో పెద్ద చిక్కు. మనం ఎప్పుడు ఒత్తు పెట్టినా పలుకుతాం, గడికీ గడ్డికీ తేడా ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు ఫన్నీ, హ్యాపీ, జెల్లీ అని రెండు రెండు అక్షరాలు రాసి ఒక్కటే పలుకుతారు. అందుకని వినికిడి మీద ఆధారపడితే రెండో ఎన్, రెండో పి తట్టవు. ఈ ఆటలో జవాబులుగా ఉన్న మాటల్లో దాదాపు మూడో వంతు ఏదో ఒక అక్షరాన్ని రెండుసార్లు వాడినవే. కాబట్టి నాలుగో ప్రయత్నానికి వచ్చి ఏమీ తోచకపోతే, వెలిగిన అక్షరాన్నే ఇంకోసారి వాడి చూడు. నైఫ్‌లో కె, డౌట్‌లో బి, నైట్‌లో జి-హెచ్ కూడా ఈ బాపతే. నేను ఆరో క్లాసు పరీక్షలో నైఫ్‌ని ఎన్‌తో మొదలుపెట్టి రాసి వచ్చినవాణ్ణే.

మీ ఆడపడుచుకి వేరే చిక్కులుంటాయి. ఒడియాలో వ, బ కలిసిపోతాయి. మన వినోద్ వాళ్లకి బినోద్, మన వసంత్ వాళ్లకి బసంత్. అలాగే వాళ్ల అకారం మన ఒకారానికి దగ్గరగా పలుకుతుంది. కాబట్టి వి దగ్గర, ఏ-ఓ ల దగ్గర తను తడబడవచ్చు, నువ్వు తడబడవు. ద్విత్వాల దగ్గర ఇద్దరూ ఒకటే. ఈ సంగతి పందెంలో వాడుకుంటావో, తనకు చెప్పేస్తావో నీ ఇష్టం.

ఆట పుట్టుక ఒక ముక్క చెబుతాను, ఎందుకంటే అందులో నీకు పనికొచ్చే లెక్క ఉంది. జోష్ వార్డల్ అనే ఇంజనీరు న్యూయార్క్‌లో ఉంటూ, మాటల ఆటలంటే ఇష్టపడే తన సహచరి కోసం దీన్ని తయారుచేశాడు. 2021 అక్టోబరులో లోకానికి ఇచ్చాడు, 2022 జనవరి చివర్లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక కొనేసింది. ఇంగ్లీషులో ఐదక్షరాల మాటలు పన్నెండు వేల పైచిలుకు ఉంటే, అందులో చాలా మటుకు ఎవరూ ఎరగనివి. ఆ సహచరే కూర్చుని తనకు తెలిసినవీ తెలియనివీ వేరుచేసింది. అలా మిగిలిన మొదటి జవాబుల జాబితా 2,315 మాటలు. ఆ తరవాత పత్రికవాళ్లు కొన్ని తీశారు, కొన్ని కలిపారు. అంటే ఇది డిక్షనరీ కాదు, ఒక మనిషికి తెలిసిన మాటల మూట. వింత మాట తట్టినప్పుడు 'ఇది మామూలు మనిషికి తెలుస్తుందా?' అని అడుగుకో. తెలియదనిపిస్తే అది జవాబు అయ్యే అవకాశం తక్కువ.

ఆ మొదటి జాబితాలో ఎస్‌తో మొదలయ్యేవి 366. ఎస్‌తో ముగిసేవి 36 మాత్రమే! ఎందుకంటే బుక్స్, ట్రీస్ లాంటి బహువచనాలను జవాబులుగా పెట్టలేదు. కాబట్టి చివర ఎస్ పెట్టి ప్రయత్నం పాడుచేసుకోకు. ఇ తో ముగిసేవి 424, వై తో ముగిసేవి 364, అంటే మూడింట ఒకటి ఈ రెంటితోనే ముగుస్తుంది. మొత్తం మీద ఎక్కువగా తిరిగే అక్షరాలు ఇ, ఏ, ఆర్, ఓ, టి, ఎల్, ఐ, ఎస్, ఎన్. మొదటి మాట వీటితో కట్టుకో. నువ్వు పెట్టిన స్టేల్ భేషైన మొదటి మాట, దాన్ని మార్చకు.

ఈ అక్షరాల లెక్క కూడా పాతదే. 1930ల్లో ఉద్యోగం పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్టు, పత్రిక పేజీల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో కూర్చుని లెక్కపెట్టి, అక్షరాల బిళ్లలు పేర్చి మాటలు కట్టే స్క్రాబుల్ ఆట తయారుచేశాడు. అందుకే ఆ డబ్బాలో ఉన్న వంద బిళ్లల్లో ఇ పన్నెండు, క్యు ఒక్కటే. క్యు పక్కన యు లేని మాటలు స్క్రాబుల్ వాళ్లకి ప్రాణం. అందులో రెండు మనింటి ముందు తిరిగినవే, ఫకీర్, తలాక్. రెండూ ఇంగ్లీషులో ఐదక్షరాలే. ఖాకీ, రూపీ, ధోతీ, టాడీ, సిపాయి నుంచి వచ్చిన సీపాయ్, ఇవీ ఐదక్షరాల ఇంగ్లీషు మాటలే. మన పందికొక్కు వాళ్ల దగ్గర బ్యాండికూట్ అయింది గానీ తొమ్మిదక్షరాలు, మన ఆటకి పెద్దది.

ఇంకో గొయ్యి ఉంది, చూసుకుని నడువు. ఆట అమెరికావాళ్లది. మనం బళ్లో హ్యూమర్, ఫేవర్, కలర్ మాటలకి చివర యు కూడా కలిపి ఆరక్షరాలు రాశాం. వాళ్లు యు తీసేసి ఐదు చేశారు. 2022 ఫిబ్రవరిలో ఒకరోజు హ్యూమర్ జవాబుగా వస్తే బ్రిటన్‌లో జనం గోల గోల చేశారు. ఫైబర్ చివర మనం ఆర్-ఇ రాస్తే వాళ్లు ఇ-ఆర్ రాస్తారు. ట్యూషన్ పిల్లలకు మాత్రం బళ్లో చెప్పిందే రాయమను, మార్కులు పోతాయి.

మోసం సంగతి. ఆట నడుస్తుండగా జాబితా చూడటం మోసమే, ముఖ్యంగా గిన్నెలు పందెం పెట్టినప్పుడు. ఒక్కతే కూర్చుని ఆడుకుంటూ చూసుకుంటే ఎవరికీ నష్టం లేదు. డిక్షనరీ వేరు, ఆ జాబితా వేరు. డిక్షనరీలో నీకు తట్టిన మాట ఉందో లేదో, దాని అర్థం ఏమిటో చూస్తావు. జాబితా నీకు తట్టని మాటని తెచ్చి చేతిలో పెడుతుంది. మొదటిది తూకం, రెండోది అరువు. ఇలా చెప్పినా తను ఒప్పుకోకపోతే కొత్త షరతు పెట్టుకోండి: ఎవరు గెలిచినా, వాడిన ప్రతి మాటకీ అర్థం తెలుగులోనో ఒడియాలోనో చెప్పాలి, చెప్పలేకపోతే గెలుపు చెల్లదు. జాబితా చూసి గ్లేడ్ పెట్టినమ్మాయి అడవి మధ్యలో చెట్లు లేని చోటు అని చెప్పగలగాలి కదా!

అర్థాల కోసం ఒక నోట్‌బుక్ పెట్టుకో. మీ ఊళ్లోనే ఉండి గిడుగు రామమూర్తి గారు చేసిన పని అదే. పర్లాకిమిడి రాజా వారి బడిలో పాఠాలు చెబుతూ, చుట్టుపక్కల కొండల్లో ఉన్న సవరల భాష వాళ్ల నోటినుంచే విని, మాట వెంట మాట రాసుకున్నారు. చూసి రాయడానికి అంతకు ముందు నిఘంటువు ఏదీ లేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అలా వచ్చినవే. అంత పని మనం చేయలేంగానీ, పొద్దున ఆటలో ఎదురైన ఒక్క కొత్త మాట, దాన్ని పెట్టి నీ ఇంటి సంగతి ఒక్క వాక్యం రాయగలవు. గ్లేర్ రాసుకుని దాని పక్కన, 'ఆదివారం ఓడిపోయాక నా ఆడపడుచు వైపు ఇలా చూశాను' అని ఇంగ్లీషులో రాయి. ఇక ఆ మాట చచ్చినా మర్చిపోవు.

పిల్లలకి తప్పకుండా నేర్పు, ఫోన్ అక్కర్లేదు. పలక, మూడు రంగుల సుద్దముక్కలు చాలు. ఐదక్షరాలతో మొదలుపెట్టకు, మూడక్షరాలతో మొదలుపెట్టు: క్యాట్, పెన్, సన్. ఒక పిల్లాడు మాట మనసులో అనుకుంటాడు, మిగతావాళ్లు చెబుతారు, వాడే రంగులు వేస్తాడు. రంగులు వేసేవాడి పనే కష్టం, వాడికి స్పెల్లింగ్ కచ్చితంగా తెలియాలి. అందుకని వెనకబడ్డ పిల్లకే ఆ పని ఎక్కువసార్లు ఇవ్వు, పక్కన నువ్వు కూర్చుని. వారం తరవాత నాలుగక్షరాలకి వెళ్లండి. బ్ల క్ల ఫ్ల గ్ల ప్ల స్ల అప్పుడు గోడ మీద రాసి పెట్టు, తెలుగు పిల్లలు తెలుగులో, ఒడియా పిల్లలు ఒడియాలో. మధ్యలో ఒకరోజు తెలుగు మాటలతోనే ఆడించు, మూడక్షరాలవి: పలక, చిలక, గొడుగు. గుణింతం మారితే పసుపు ఇవ్వాలా వద్దా అని వాళ్లలో వాళ్లే తగువులాడుకుంటారు. ఆడుకోనీ, తీర్పు నువ్వు చెప్పకు.

ఇక గిన్నెల లెక్క. నెల రోజుల పాత బాకీ వసూలు చేయబోకు, ఒకే ఇంట్లో ఉండాల్సినవాళ్లు. రేపు పొద్దున్నే ఇద్దరూ ఫోన్లు పక్కపక్కన, వెతికే పేజీ మూసేసి ఆడండి. ఇరుక్కున్నచోట గ్రంప్ పెట్టు. దాని అర్థం ఊరికే చిరాకుపడే మనిషి. కొత్త షరతు ప్రకారం అది తనకు చెప్పాల్సింది నువ్వే, కాస్త నవ్వుతూ చెప్పు.